కాజాలక్క గెలిచిన గది

చొక్కాకు కాజా కుట్టడం చూసేవాళ్ళకు చిన్న పనే. గుండీ దూరేందుకు గుడ్డను అరంగుళం మేర చీల్చి, ఆ చీలిక అంచుల్లో పోగు లేవకుండా దారంతో దగ్గర దగ్గరగా చుట్టుకుంటూ రావాలి. ఒక్క కుట్టు వదులైనా నాలుగు ఉతుకుల్లో కాజా నోరు తెరుస్తుంది. బజారు చివర చొక్కాల దుకాణంలో ఆమె చేసేది ఆ పనే. రోజుకు పది చొక్కాలు, చొక్కాకు ఏడు. కాజాలు కుట్టే యంత్రం వచ్చాక కూడా దుకాణం మాస్టరు ఖరీదైన గుడ్డంతా తెచ్చి ఆమె ఒళ్ళోనే పడేసేవాడు. అందరూ ఆమెను కాజాలక్క అనేవాళ్ళు. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, తర్వాత్తర్వాత కోర్టు గుమాస్తా కూడా ఆమె పేరు పక్కన "అలియాస్ కాజాలక్క" అని రాశాడు, పేరుమోసిన దొంగలకు రాసినట్టు.

ఆమెను కరెంటు మీటర్లు చూసే అతనికిచ్చి చేశారు. నెలకోసారి ప్రతి ఇంటి గుమ్మమూ తొక్కే మనిషి. ముసలివాళ్ళకు బిల్లు చదివి పెడతాడనీ, మర్యాదస్తుడనీ ఊళ్ళో పేరు. ఆ మర్యాదంతా సాయంత్రానికి చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చేవాడు. కూర చల్లారిందని ఒకరోజు, కూర కాలిందని ఒకరోజు. ఇల్లు మామగారిది. ముందు హాలు, వరసగా మూడు గదులు, వెనకాల వంటిల్లు, పెరట్లో కొళాయి. ఏ గదిలో దెబ్బ పడినా మిగతా రెండు గదుల్లో వినిపించేది. మామగారు పేపరు మడత మార్చి చదువుకునేవాడు. అత్తగారు మాత్రం తర్వాత వచ్చి, "మగాళ్ళకు కోపం వస్తుంది, పోతుంది. గుట్టుగా ఉండటం నేర్చుకోవే" అనేది. కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుందని కాజాలక్క కూడా ఏడేళ్ళు గుట్టుగానే ఉంది.

ఏడో ఏట ఒక పొద్దున, ఆడబిడ్డ అత్తవారు వస్తున్నారు, ఇవాళ పనికి వెళ్ళొద్దన్నాడు మొగుడు. పెద్ద పెళ్ళివాళ్ళ చొక్కాలు ఆ రోజే ఇవ్వాలి, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానంది. ద్వారబంధం పట్టుకుని చెప్పుల్లో కాలు పెడుతుంటే అతను తలుపు బలంగా వేసేశాడు. కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ తలుపుకూ చెక్కకూ మధ్య నలిగాయి. హాల్లో నిలబడి అత్తగారు చూస్తూనే ఉంది.

ఆసుపత్రిలో నర్సు కట్టు కడుతూ ఎలా తగిలిందని అడిగింది.

"గాలికి తలుపు పడిందండీ" అంది కాజాలక్క.

"ఈ వారంలో గాలికి తలుపు పడ్డవాళ్ళలో నువ్వు నాలుగోదానివి. బయట చూస్తే ఆకు కదలట్లేదు" అంది నర్సు. తల ఎత్తలేదు. కట్టు ముడేశాక ఒక చీటీ మీద చిరునామా రాసి ఇచ్చింది. "ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళకని కొత్త చట్టం వచ్చింది. అక్కడ రక్షణాధికారి అని ఒకావిడ కూర్చుంటుంది. వెళ్ళడం, వెళ్ళకపోవడం నీ ఇష్టం."

ఆ చీటీ పదిరోజులు జాకెట్లోనే ఉంది. పదకొండో రోజు కట్టు విప్పి సూది పట్టుకుంటే, వేళ్ళు రెండూ సూది చుట్టూ మడవలేదు. ఏడేళ్ళ దెబ్బలకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. అటునుంచి అటే వెళ్ళింది.

రక్షణాధికారికి ఉన్నదల్లా ఒక బల్ల, రెండు కుర్చీలు. గదిలో మిగతాదంతా వేరే శాఖ పాత ఫైళ్ళు. ఆవిడ ముప్ఫై దాటని మనిషి. చట్టం పుస్తకానికి అట్ట వేసుకుని, ముఖ్యమైన చోటల్లా రంగు కాగితాలు అంటించుకుంది. కాజాలక్క చెప్పింది విని, "ఏం కావాలనుకుంటున్నావు? అతన్ని జైలుకు పంపాలా?" అని అడిగింది.

"జైలుకెందుకండీ. నా ఇంట్లో నన్ను ఉండనిస్తే చాలు."

అదే వేళకు ఇంటి దగ్గర ఆమె సామానంతా ఒక మూటగట్టి వీధి అరుగు మీద పెట్టేస్తున్నారు. కేసు పెట్టడానికి వెళ్ళిందని వాళ్ళకు ఎవరో కబురు మోశారు.

"ఇల్లు నీ పేరున ఉండక్కర్లేదు. నువ్వు కాపురం చేసిన ఇల్లయితే చాలు, నిన్ను గెంటే హక్కు ఎవరికీ లేదు" అని ఆవిడ పుస్తకం తిప్పి చూపించింది. ఆ వాక్యాన్ని కాజాలక్క వేలితో వెతుక్కుంటూ మూడుసార్లు చదివింది. తన సంగతి ఎవరో తనకంటే ముందే ఆలోచించి అచ్చేయించి పెట్టారంటే ఆమెకు నమ్మశక్యం కాలేదు.

అరవై రోజుల్లో తేల్చాలని అదే పుస్తకంలో ఉంది. తేలడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ ఆరేళ్ళ కూతుర్ని పెట్టుకుని మాస్టరు వాళ్ళ సామాన్ల గదిలో తలదాచుకుంది. వంకర వేళ్ళతోనే సూదిని కొత్తగా పట్టుకోవడం నేర్చుకుంది, బొటనవేలికీ ఉంగరపువేలికీ మధ్య. సాక్ష్యానికి అత్తగారు వచ్చింది. తలుపు ఎలా పడిందమ్మా అని జడ్జి అడిగితే, "గాలికండీ" అంది. కాజాలక్క ఆసుపత్రిలో చెప్పిన మాటే అది. ఆ అబద్ధం మొదట తన నోటినుంచే వచ్చిందని గుర్తొచ్చి, కాజాలక్క తల దించుకుంది.

అయినా నర్సు సాక్ష్యం, ఎక్స్‌రే బొమ్మ కలిసి కేసును గెలిపించాయి. ముందు గది ఆమెకివ్వాలి; వంటిల్లు, బాత్రూము, కొళాయి వాడుకోనివ్వాలి; చేయి చేసుకోకూడదు, తిట్టకూడదు, వెళ్ళగొట్టకూడదు. కానిస్టేబుల్ వచ్చి హాల్లో నిలబడి చదివాడు. అంతా విని మామగారు, "కాగితం తెచ్చుకుంది కదా. కాగితంతోనే కాపురం చెయ్యమనండి" అన్నాడు. కాజాలక్కను ఉద్దేశించి ఆ ఇంట్లో పెద్దవాళ్ళు అన్న ఆఖరు మాట అదే.

ఆ తర్వాత వాళ్ళు ఉత్తర్వును అక్షరం జవదాటలేదు. కొట్టలేదు, తిట్టలేదు, పొమ్మనలేదు. మాట్లాడటం మానేశారు. ఆమె వంటింట్లోకి వస్తే అత్తగారు సగం తరిగిన కూరగాయలు అలాగే వదిలి బయటికెళ్ళేది. కొళాయి దగ్గర ఆమె బిందె నిండేదాకా మామగారు గోడవైపు తిరిగి నిలబడేవాడు. మొగుడు గాలితో మాట్లాడేవాడు: "ఎవరో లైటు ఆర్పలేదు. ఎవరి చెప్పులో దారికడ్డంగా ఉన్నాయి." ఇంకో తమాషా ఏమిటంటే, ఉత్తర్వులో గది ఉంది గానీ వీధి తలుపు తాళంచెవి మాట లేదు. అడిగే వీల్లేదు, అడిగినా జవాబు చెప్పేవాళ్ళు లేరు. పని నుంచి వచ్చి తలుపు తట్టి, ఎవరికి తీరికైతే వాళ్ళు వచ్చి తీసేదాకా మెట్ల మీద కూర్చునేది. వానాకాలంలో మాస్టరు గొడుగు అరువు తెచ్చుకునేది.

రక్షణాధికారి ఆరునెలలకోసారి వచ్చి ఫారం నింపుకునేది. కొట్టారా, తిట్టారా, తిండి ఆపారా, గెంటారా అని నాలుగు గళ్ళు. నాలుగింట్లోనూ "లేదు" అని రాసుకుని, "చూశావా" అన్నట్టు నవ్వేది. ఒకసారి కాజాలక్క ఉండబట్టలేక అడిగింది.

"మాట్లాడకపోతే ఏ గడిలో రాస్తారమ్మా?"

ఆవిడ కలం ఆపింది. ఫారం వెనక్కి తిప్పి చూసింది, అక్కడా గడి లేదు. "మాట్లాడమని కోర్టు ఎవరికీ చెప్పలేదు కదా అక్కా" అంది చివరికి.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆమె రచ్చ గెలిచింది. ఎంతగా గెలిచిందంటే, ఆ చట్టం కింద ఇంట్లో చోటు సంపాదించుకున్న మొదటి ఆడమనిషి ఆ జిల్లాలో ఆమేనట. సర్కారు పుస్తకంలో ఆమె కథ వేశారు. ముఖం కనబడకూడదని ఆమె బదులు ఎవరో అమ్మాయిని పెట్టి ఫొటో తీశారు. ఆ అమ్మాయి తలుపు ముందు నిలబడి, చేతిలో తాళంచెవి పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. ఆ పుస్తకం చూసి కాజాలక్క కూడా నవ్వింది, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. ఇంకోసారి రాజధానిలో మహిళా విధానం మీద సభ అని రైలెక్కించి తీసుకెళ్ళారు. మూడు నిమిషాలు మాట్లాడమని ముందే రాసిచ్చారు. "చట్టం నా ఇంటిని నాకు తిరిగి ఇచ్చింది" అని చదివింది. చప్పట్లు కొట్టారు. సభలో వెయ్యిమంది దాకా ఉన్నారు. అంతమంది తన మాట వినడం, తనవైపు చూసి తల ఊపడం ఆమెకు నచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుందంటుంది.

ఇక్కడ కూతురి సంగతి చెప్పాలి. పిల్లతో మాత్రం ఆ ఇంట్లో అందరూ మాట్లాడేవాళ్ళు. తాత ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు, తండ్రి సైకిలు మీద బడికి దింపేవాడు. "నీళ్ళు ఒంటిగంటకే ఆగిపోతాయని మీ అమ్మకు చెప్పు" అనేవాడు, ఆ అమ్మ రెండడుగుల దూరంలోనే ఉన్నా. పిల్ల తిరిగి చూసి, "అమ్మా, నీళ్ళు ఒంటిగంటకే ఆగిపోతాయట" అనేది. ఏడేళ్ళప్పుడు అదొక ఆటలా ఉండేది. పదేళ్ళకు మొహం చిట్లించడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ళకు ఎవరు ఏం చెప్పినా పుస్తకంలో తల దూర్చి వినబడనట్టు ఉండేది. అప్పటినుంచి ఆ రెండు పక్షాలకూ మధ్య ఉన్న ఒక్క తీగా తెగిపోయింది.

ఉత్తర్వు వచ్చిన ఎనిమిదో ఏట మామగారు పోయాడు. ఇల్లు అత్తగారి పేరున రాసి పోయాడు. అప్పుడే ఎక్కడో ఎవరి కేసులోనో పై కోర్టు ఒక తీర్పు చెప్పింది: భర్తకు సొంతమైన ఇంట్లోనే భార్యకు హక్కు, అత్తగారిదైన ఇంట్లో లేదని. పేపర్లో ఐదో పేజీలో నాలుగు వాక్యాల వార్త. మీటర్ల మనిషి ఆ నాలుగు వాక్యాలూ కత్తిరించి జేబులో పెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి అత్తగారి చేత కేసు వేయించాడు.

కోర్టులో అత్తగారు చెప్పింది. "ఇల్లు నాదండీ. ఈవిడ నాకేమీ కాదు."

తొమ్మిదేళ్ళ ఉత్తర్వు తొమ్మిది నిమిషాల్లో రద్దయింది. రక్షణాధికారి అప్పటికి ఆ సీట్లో లేదు, పెద్ద పదవి వచ్చి రాజధానికి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే మాత్రం ఎత్తింది. "చాలా అన్యాయం అక్కా. దీని మీద మేం పై వాళ్ళకు రాస్తున్నాం" అంది. ఆవిడ గొంతులో బాధ ఉంది, అబద్ధం చెప్పకూడదు. రాయడం రాశారు కూడా. రెండేళ్ళ తర్వాత చట్టం మార్చారు. ఎవరి పేరున ఉన్నా కాపురం చేసిన ఇల్లు ఇల్లేనని ఈసారి విడమరిచి రాశారు. ఈలోగా ఇల్లు అమ్మేసి, పడగొట్టేసి, ఆ జాగాలో నాలుగంతస్తులు లేపారు. ఏ గదికని వెళ్తుంది.

ఖాళీ చేసిన రోజు సామాను సర్దుతుంటే కూతురు సాయం రాలేదు. పదహారేళ్ళ పిల్ల, కిటికీ దగ్గర కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది.

"ఓడిపోయామే" అంది కాజాలక్క, మంచం కోళ్ళు విప్పుతూ.

"నువ్వు తొమ్మిదేళ్ళు గెలిచావమ్మా. నేను ఆ తొమ్మిదేళ్ళూ ఇక్కడ పెరిగాను" అంది కూతురు. "ఆ సామాన్ల గదే నయం. అక్కడ మాస్టరు మనవరాలు నాతో ఆడుకునేది."

పిల్ల చెంప పగలగొడదామని చెయ్యెత్తింది కాజాలక్క. ఎత్తిన చెయ్యి వైపు పిల్ల కళ్ళార్పకుండా చూసింది. ఆ చెయ్యి అలాగే దించి, మళ్ళీ మంచం కోడు పట్టుకుంది.

దుకాణం వెనకాల వీధిలో ఒక గది దొరికింది. కొన్నాళ్ళకు కూతురు నర్సు చదువుకని వేరే ఊళ్ళో హాస్టల్లో చేరింది. కాజాలక్క పొద్దున్నే సూది పట్టుకుంటే దీపాలు పెట్టేదాకా ఎవరికోసమూ లేచేది కాదు. అప్పుడప్పుడు ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి, "అక్కా, చట్టం గురించి నీకు తెలుసట" అనేవాళ్ళు. చెప్పేది. ఏ ఫారం, ఏ గది, ఏ రోజు వెళ్ళాలి. అంతవరకే. వెళ్ళమనీ అనేది కాదు, మానెయ్యమనీ అనేది కాదు.

మూడేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం దుకాణం ముందు ఆటో ఆగింది. దిగిన ముసలావిడను కాజాలక్క వెంటనే గుర్తుపట్టలేదు. సగానికి సగం తగ్గిపోయింది అత్తగారు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో రెండు చీరలు, మందుల డబ్బా.

"ఆ రక్షణ ఆవిడ ఎక్కడ కూర్చుంటుందే?" అని అడిగింది.

పన్నెండేళ్ళ తర్వాత ఆమె కాజాలక్కతో అన్న మొదటి మాట అది. బాగున్నావా లేదు, పిల్ల ఎలా ఉంది లేదు. మాస్టరు కత్తెర పక్కన పెట్టి, పని ఉందన్నట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

ముక్కలు ముక్కలుగా సంగతంతా బయటికొచ్చింది. ఇల్లమ్మిన డబ్బుతో కొడుకు ఫ్లాటు కొన్నాడు, తన పేరున. మొదట్లో తల్లికి ఒక గది ఉండేది. తర్వాత ఆ గదిలోకి అతను తెచ్చుకున్నావిడ తమ్ముడొచ్చాడు, తల్లి హాల్లోకొచ్చింది, హాల్లోంచి వరండాలోకొచ్చింది. ఆ రోజు పొద్దున డాక్టరు దగ్గరికెళ్ళి వస్తే తాళం మార్చి ఉంది. పక్కింటివాళ్ళు సంచి అందించి, నీ కొడుకు ఇచ్చి వెళ్ళాడన్నారు.

"ఆ చట్టం పెళ్ళాలకే గానీ తల్లులకు ఉండదంటగా" అంది అత్తగారు.

"'స్త్రీ' అని ఉంది. 'భార్య' అని లేదు" అంది కాజాలక్క. చేతిలో కాజా పూర్తి చేసి, దారం కొరికి, చెప్పులేసుకుంది.

బస్సులో పక్కపక్కన కూర్చున్నారు, మధ్యలో సంచి పెట్టుకుని. ఆఫీసు కొత్త మేడలోకి మారింది. కొత్త అధికారి కుర్రది, కంప్యూటరు ముందు కూర్చుని వివరాలు ఒక్కొక్కటే అడిగి టైపు కొట్టుకుంటోంది. అత్తగారికి చదువు రాదు. జవాబులన్నీ కాజాలక్కే చెప్పింది. వయసు, చిరునామా, మందుల పేర్లు, అన్నీ.

"మీరేమవుతారండీ?" అంది అధికారి ఆమెను చూసి.

కాజాలక్క అత్తగారి వైపు చూసింది. ముసలావిడ సంచి పిడిని మెలిపెడుతూ, "తెలిసిన మనిషమ్మా" అంది.

అధికారి అదే కొట్టుకుంది.

ఈసారి విచారణ త్వరగానే జరిగింది. పన్నెండేళ్ళ అనుభవంతో కాబోలు, సర్కారు బండికి కాస్త నూనె పడింది. రెండు నెలలు అత్తగారు సర్కారు వసతి గృహంలో ఉంది. ఉత్తర్వు ఇచ్చే రోజు కాజాలక్క కూడా వెళ్ళింది. కొడుకు నెరిసిన జుట్టుతో, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఆమెను చూడగానే, "మా ఇంటి ఆడవాళ్ళందరికీ చట్టం చదువు చెప్పింది ఈవిడేనండీ" అన్నాడు గుమాస్తాతో, నవ్వుతూ. గుమాస్తా నవ్వలేదు. ఉత్తర్వు చదివారు. ఫ్లాటులో తల్లికి ఒక గది. కొట్టకూడదు, తిట్టకూడదు, వెళ్ళగొట్టకూడదు. వాక్యాలు పన్నెండేళ్ళ నాటివే, కామాతో సహా. కొడుకు అంతా విని, తల్లి వైపు చూడకుండా సంతకం పెట్టి, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

కానిస్టేబుల్ జీపు కోసం వరండాలో కూర్చున్నారు. అత్తగారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పట్టుకుంది.

"వాడు ఒక్క మాట కూడా మాట్లాడలేదే" అంది.

"మాట్లాడడు అత్తయ్యా. గది ఇస్తాడు."

"ఎన్నాళ్ళు అలాగా?"

కాజాలక్కకు తొమ్మిదేళ్ళు అని చెప్పాలనిపించింది. ఆ లెక్క ఆవిడకూ తెలుసు.

"నేను అక్కడికి వెళ్ళలేనే. నీ దగ్గర ఒక మూల పడుంటాను. పిల్ల కూడా హాస్టల్లోనే ఉందిగా" అంది అత్తగారు. అడుగుతున్నప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది.

గదిలో చోటుంది. కూతురి మంచం ఖాళీగానే ఉంది. కాజాలక్క ఆ మంచం మీద ముసలావిడను ఊహించుకుంది. పొద్దున లేచేసరికి ఎదురుగా ఆ మొహం. జాలి వేసింది. నిజంగానే వేసింది. కానీ దానికి అడుగున ఉన్నది జాలి కాదు, అది ఎంత తవ్వినా కదలలేదు.

"నా గదిలో చోటు లేదత్తయ్యా" అంది.

ముసలావిడ తల ఊపింది. బతిమాలలేదు. జీపు వచ్చాక కాజాలక్క చెయ్యి అందించి ఎక్కించింది, మందుల డబ్బా సంచిలో పైకి కనబడేలా సర్దింది. పొద్దున మాత్రలు ఏవో, సాయంత్రం మాత్రలు ఏవో కానిస్టేబుల్‌కు చెప్పింది. జీపు వీధి మలుపు తిరిగేదాకా ఉండకుండానే బస్సు స్టాపు వైపు నడిచింది.

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది కాజాలక్క, అత్తగారు అడిగిన మాటా, తను చెప్పిన జవాబూ దాచకుండా.

కూతురు అంతా వింది. తర్వాత, "నువ్వు చేసింది మంచో చెడో నాకు తెలీడం లేదమ్మా" అంది.

"నాకూ తెలీదు" అంది కాజాలక్క.

చెప్పాల్సిందంతా అయిపోయింది. అయినా ఫోన్ పెట్టెయ్యకుండా చెవి దగ్గరే పట్టుకుని కూర్చుంది. అవతల హాస్టల్ పిల్లలు ఎవరో గట్టిగా నవ్వుకుంటున్నారు. కూతురు కూడా పెట్టెయ్యలేదు.